బెజవాడ ఎండలో మొక్కల అక్వేరియం: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి వెళ్లాక

తొట్టి ఇంకా కొనలేదు. ముందు కొలతలు. ఇంట్లో ఎక్కడ పెట్టాలి, ఏ నీళ్లు పోయాలి, మే నెలలో ఆ చోటు ఎంత వేడెక్కుతుంది అన్నవి తేలాకే డబ్బు బయటికి తీస్తాను.

యూట్యూబ్‌లో మొక్కల అక్వేరియం వీడియోలు చాలావరకు చల్లటి దేశాల వాళ్లవి. కొనాల్సిన వస్తువుల జాబితాలో వాళ్లకి హీటర్ ముందుంటుంది. సత్యనారాయణపురంలో పై అంతస్తులో ఉండే మాకు హీటర్‌తో పనేముంది? మాకు కావాల్సింది నీళ్లు చల్లబడే దారి, ఆ వేడికి కుళ్లని మొక్కలు, ఆ వేడిలో కూడా ఊపిరాడే చేపలు. ఈ తొట్టిని మన నీళ్లకి, మన ఎండకి తగ్గట్టు కట్టుకుంటాను. మొక్కయినా చేపయినా అందంగా ఉందని తెచ్చి, తర్వాత దాన్ని బతికించడానికి తంటాలు పడటం నాకు ఇష్టం లేదు.

చోటు హాల్లో ఈశాన్యం మూల. పడమటి గోడ ఎండాకాలంలో రాత్రి పదింటికి కూడా చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది, అటువైపు ఆలోచనే వద్దు. ఈశాన్యంలో నీళ్లుంటే ఇంటికి మంచిదని అమ్మ వెంటనే ఒప్పుకుంది. నేను చూసుకున్నది ఆ మూలకి నేరుగా ఎండ తగలదని. ఎండ పడితే నీళ్లు వేడెక్కడంతో పాటు పాచి కూడా దండిగా పడుతుంది.

సైజు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు. లెక్కకి 70 లీటర్లు. మట్టి, ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా నీళ్లు 55 లీటర్లు పడతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చిన్న గాజు గిన్నె తేలిక అనుకుంటారు గానీ నిజానికి అదే కష్టం. నీళ్లు తక్కువుంటే వేడి గబుక్కున ఎక్కుతుంది, రాత్రికి గబుక్కున దిగుతుంది, చేపల వ్యర్థం కాస్త పేరుకున్నా విషమవుతుంది. నీళ్లు ఎక్కువుంటే ఏ మార్పయినా నిదానంగా వస్తుంది, మనం చూసుకుని సర్దుకునే టైమ్ ఉంటుంది.

స్టాండ్ ఆటోనగర్‌లో చేయించాను. "ఎంత బరువు మోయాలమ్మా?" అని వెల్డర్ అడిగాడు. నీళ్లు 55 కిలోలు, మట్టీ ఇసుకా కలిపి ఇరవై దాకా, ఆరు మిల్లీమీటర్ల గాజు ఒక పదమూడు, పైన రాళ్లు. తొంభై దాటుతుందని చెప్పాను. "అయితే ఒకటిన్నర అంగుళం యాంగిల్ వేద్దాం. కాళ్ల కింద చుట్టూ పట్టీ కడితే ఊగదు" అన్నాడు. అన్నట్టే చేశాడు. దాని మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద థర్మోకోల్ షీటు. గాజు అడుగున చిన్న ఇసుక రేణువు ఉన్నా బరువంతా ఆ ఒక్కచోటే పడి పగులు రావచ్చు, థర్మోకోల్ దాన్ని తనలోకి దిగనిచ్చి బరువుని అంతటా సర్దుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి చూసి ఒక కాలి కింద రబ్బరు ముక్క వేశాను.

ఇక నీళ్లు. మాకు రెండు రకాలు వస్తాయి: కార్పొరేషన్ కుళాయిలో కృష్ణ నీళ్లు, అపార్ట్‌మెంటు బోరు నీళ్లు. టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) చూస్తే కుళాయివి 340, బోరువి 1,150. ఇంకా వివరంగా తెలుసుకోవాలనిపించి రెండు సీసాలు నింపి ఆఫీసులో ఒకాయనకి ఇచ్చాను. ఆయనది కైకలూరు. అక్కడ చేపల చెరువులు, రొయ్యల చెరువుల వాళ్లు నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించుకునే ఆక్వా ల్యాబులు ఉంటాయి. పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా అన్నది), ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ (కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది), అమ్మోనియా, నైట్రైట్ అన్నీ చూసి కాగితం మీద రాసిస్తారు. చెరువుల జిల్లాకి ఇంత దగ్గర్లో ఉన్న మనం ఈ సౌకర్యాన్ని వాడుకోవాలి. కుళాయి నీళ్ల పీహెచ్ 7.8, హార్డ్‌నెస్ 160. బోరు నీళ్ల హార్డ్‌నెస్ 480. తొట్టికి కుళాయి నీళ్లే అని తేలిపోయింది. అవి కూడా మరీ మెత్తటి నీళ్లు కావు కాబట్టి హార్డ్‌నెస్ గిట్టని మొక్కల్ని ఇప్పుడే జాబితాలోంచి కొట్టేశాను.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే కొట్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు ఉన్నాయి, అది సోడియం థయోసల్ఫేట్. నేను రెండూ చేస్తాను. చేపల వ్యర్థాన్ని విరగ్గొట్టడానికి తొట్టిలో మనం పెంచబోయే మంచి బ్యాక్టీరియాని కూడా క్లోరిన్ చంపేస్తుంది.


రథసప్తమి వారం

ఈ వారమంతా మట్టే. మొక్కల తొట్లకని కొట్లో అమ్మే ఆక్వా సాయిల్ సంచీ ఖరీదు చూస్తే తొట్టీ స్టాండూ కలిపినా అంత కాలేదు. అందుకని అడుగున మామూలు మట్టి, దాని మీద ఇసుక వేసే పద్ధతి ఎంచుకున్నాను. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ దీనికి పేరు తెచ్చింది, అందుకే వాల్‌స్టాడ్ పద్ధతి అంటారు. మట్టి మొక్కల వేళ్లకి ఆహారం ఇస్తుంది, మట్టి నీళ్లలో కలవకుండా ఇసుక ఆపుతుంది.

అయితే ఏ మట్టి? గుంటూరు జిల్లా మేడికొండూరు దగ్గర మా అన్నయ్య మిరప వేస్తాడు. అక్కడి నల్లరేగడి ఒక డబ్బా, ఊరి చివర గట్టు మీది ఎర్రమట్టి ఒక డబ్బా తెప్పించాను. రెండిటినీ ఎండబెట్టి, తెల్ల పళ్లెంలో చెంచాడు చొప్పున పోసి మీద వెనిగర్ చుక్కలు వేశాను. ఎర్రమట్టి చుక్కని నిశ్శబ్దంగా పీల్చేసుకుంది. నల్లరేగడి మీద మాత్రం అక్కడక్కడ చిన్నచిన్న బుడగలు లేచాయి. వేలితో కదిపి చూస్తే బుడగ లేచిన ప్రతిచోటా ఆవగింజంత తెల్లటి సున్నపు గుళిక ఉంది. నల్లరేగడిలో అవి సహజంగానే ఉంటాయి. నీళ్లలో ఉంటే సున్నం మెల్లగా కరిగి హార్డ్‌నెస్‌నీ పీహెచ్‌నీ పెంచుతుంది. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, కదిలిస్తే రోజుల తరబడి తేరుకోదు. పత్తికీ మిరపకీ బంగారం లాంటి నేల, గాజు తొట్టికి మాత్రం ఎర్రమట్టి మేలు.

ఎర్రమట్టిని జల్లెడ పట్టి, వర్మీకంపోస్టు పదో వంతు మాత్రమే కలిపాను. ఎరువు ఎక్కువైతే అమ్మోనియా ఎక్కువవుతుంది. ఆ మట్టిని వెడల్పాటి టబ్బులో తడిపి డాబా మీద ఎండబెట్టడం, మళ్లీ తడిపి మళ్లీ ఎండబెట్టడం. ఇలా చేస్తే అందులో కుళ్లాల్సిన సరుకంతా బయటే కుళ్లిపోతుంది, తొట్టిలోకి వెళ్లాక గోల తక్కువ.

ఇసుక ఇల్లు కట్టే కృష్ణ ఇసుకే. దోసెడు గ్లాసులో వేసి వెనిగర్ పోసి చూశాను, బుడగల్లేవు. పిండి లాంటి సన్నటి ఇసుక వద్దు. అది గట్టిగా పేరుకుని కిందికి గాలి ఆడనివ్వదు, మట్టిలో కుళ్లు వాసన గల వాయువు పుడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల పలుకు ఉండేది జల్లించి తీసుకున్నాను. కడగడం మాత్రం ఓపిక పని. బకెట్‌లో సగం ఇసుక, పైన నీళ్లు, చెయ్యి పెట్టి తిప్పి ఒంపెయ్యడం. నీళ్లు తేటగా వచ్చేదాకా అంతే. ఒంపిన నీళ్లు డాబా మీద కుండీలకి పోయాయి.

తొట్టిలో మట్టి ఒక అంగుళం, ఇసుక ముందు అంగుళంన్నర, వెనక రెండు. గాజుకి ఆనుకున్న చోట మట్టి కనపడకుండా చుట్టూ ఇసుకే పోశాను. బాగా ఎండి బెరడు తీసిన జామ కొమ్మ ఒకటి ఇంతకుముందే డ్రమ్ములో నానబెట్టాను, మునగడం మొదలెట్టింది.


మాఘ పౌర్ణమి వారం, మొక్కలు

వెనక వరసకి వాలిస్‌నేరియా. పొడవాటి రిబ్బన్ ఆకులు, మన దేశపు చెరువుల్లోనూ పెరిగే మొక్క. దీన్ని ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. మొక్కలకి కార్బన్ కావాలి. చాలా మొక్కలు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌నే తీసుకుంటాయి, అది నీళ్లలో ఎప్పుడూ కొరతే. అందుకే ఖరీదైన తొట్లకి గ్యాస్ సిలిండర్ తగిలిస్తారు. వాలిస్‌నేరియా, హైడ్రిల్లా లాంటివి నీళ్లలో ఉన్న బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ లాక్కోగలవు. మన నీళ్లలో బైకార్బనేట్‌కి లోటు లేదు. వేరేవాళ్లు హార్డ్‌నెస్ అని బాధపడే నీళ్లే వీటికి భోజనం. సిలిండర్ లేకుండా తొట్టి నడపొచ్చన్న ధైర్యం నాకు ఇక్కడే వచ్చింది.

పక్కన హైగ్రోఫిలా పాలిస్పెర్మా, అదీ మన దేశపుదే, ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా వస్తుంది. ముందు బ్రాహ్మి, అంటే బాకోపా మొన్నియేరి. ఆయుర్వేదంలో వాడే ఆ మొక్క నీళ్లలో మునిగి కూడా పెరుగుతుంది, కాకపోతే నిదానం. మధ్యలో శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టీ. జామ కొమ్మకి అనూబియాస్‌ని దారంతో కట్టాను. దాని దుంప మట్టిలో పాతితే కుళ్లుతుంది, వేళ్లు మాత్రమే కిందికి దిగాలి.

హైడ్రిల్లా కొనలేదు. కంకిపాడు అవతల పంట కాలవలో కుప్పలుగా ఉంది, గుప్పెడు తెచ్చాను. కాలవ మొక్క నేరుగా తొట్టిలో వెయ్యకూడదు. ముందు కుళాయి కింద కడిగి, లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, వేరే బకెట్‌లో వారం పెట్టాను. ఆ బకెట్ ఉండటం ఎంత మంచిదో మర్నాడే తెలిసింది. అడుగున ఒక పురుగు, అంగుళం కన్నా తక్కువ, మట్టి రంగు, ఆరు కాళ్లు, పెద్ద కళ్లు. ఈనెపుల్లతో తాకితే తోక వైపు నుంచి నీళ్లు చిమ్మి ఒక్క ఊపున ముందుకి దూసుకుపోయింది. తూనీగ పిల్ల. గాల్లోకి ఎగిరే ముందు దాని బతుకంతా నీళ్లలోనే, ఈ వయసులో దోమ పిల్లల్నీ చేప పిల్లల్నీ పట్టి తింటుంది. కాలవలో అది మనకి మేలు చేసేదే, మళ్లీ అక్కడే వదిలేశాను.

నాటే ముందు ఇసుక మునిగేంత నీళ్లే పోశాను. పొడవాటి పట్టకారుతో వేరు పట్టుకుని ఏటవాలుగా దించి, కొంచెం పైకి లాగితే కూర్చుంటుంది. నాటడం అయ్యాక పళ్లెం పెట్టి దాని మీద సన్నటి ధారగా నీళ్లు పోశాను. ఇసుక కదలలేదు, మట్టి లేవలేదు. జామ కొమ్మ వల్ల రెండ్రోజుల్లో నీళ్లు పల్చటి డికాషన్ రంగుకి తిరిగాయి. దానివల్ల నష్టమేమీ లేదు.

మొదట్లోనే వీలైనన్ని మొక్కలు దట్టంగా పెట్టాను. నేల ఖాళీగా ఉంటే పోషకాలన్నీ పాచికే పోతాయి.

లైటు 20 వాట్ల ఎల్‌ఈడీ, 6,500 కెల్విన్. టైమర్ ప్లగ్ పెట్టి సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా వెలిగేలా చేశాను. మేము ఇంట్లో ఉండి చూసేది అప్పుడే, పైగా ఎండాకాలం మధ్యాహ్నపు వేడికి లైటు వేడి తోడవకుండా ఉంటుంది.


శివరాత్రికి అటూ ఇటూ

తొట్టిలో చేపల్లేవు. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "చేపలేవి?" నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన చేపకి సిద్ధంగా ఉన్నట్టు కాదు. చేప శ్వాస నుంచి, వ్యర్థం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. నైట్రోస్పిరా జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ చాలావరకు హానిలేనిది, మొక్కలకి ఎరువు. ఈ రెండు జట్లూ ఫిల్టర్‌లోని స్పాంజి మీద, ఇసుక మీద, ఆకుల మీద తగినంత పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మన నీళ్లకి ఇది మరీ ముఖ్యం. అమ్మోనియాలో కొంత భాగమే అసలు విషరూపంలో ఉంటుంది, ఆ భాగం పీహెచ్‌తో, వేడితో పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అది ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే ఐదు శాతం దాటుతుంది. వేడి 30కి చేరితే ఇంకా ఎక్కువ. ఊటీలోనో బెంగళూరులోనో ఎవరో మొదటి రోజే చేపలు వేస్తే బతికాయంటే, బెజవాడలో అదే ధైర్యం చెయ్యలేం.

మా తొట్టిలో మట్టే అమ్మోనియా ఇస్తోంది కాబట్టి విడిగా వెయ్యలేదు. మట్టి లేని తొట్టి అయితే చిటికెడు మేత వేసి కుళ్లనిస్తారు, లేదా అమ్మోనియం క్లోరైడ్ కొలిచి వేస్తారు. గిన్నెలకి కళాయి పోసేవాళ్లు వాడే నవాసాగరం కూడా అదే. కాకపోతే బజారు సరుకులో ఇంకేం కలిసి ఉంటుందో చెప్పలేం, అందుకని తొట్టికి ల్యాబు సరుకే మంచిది. గాంధీనగర్‌లో తెలిసినవాళ్ల తొట్టి ఉంది, చాలా ఏళ్ల నాటిది. వాళ్ల ఫిల్టర్ స్పాంజి మన స్పాంజి మీద పిండించి తెచ్చుకున్నాను. ఆ మురికి నీళ్లే విలువైన విత్తనం.

టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దాకా ఎక్కింది, తర్వాత నైట్రైట్ గొట్టంలో ముదురు ఊదారంగు. అంటే మొదటి జట్టు పనిలో దిగింది.

క్రిప్టోకొరైన్ (పెంచేవాళ్లు క్రిప్ట్ అంటారు) గురించి విడిగా రాయాలి. నాటిన కొన్నాళ్లకి ఆకుల అంచులు గాజులాగా పారదర్శకమయ్యాయి, తర్వాత ఆకు మొత్తం జావలాగా మారి పట్టకారు తగిలితే చిరిగిపోయింది. చూసిన అమ్మ "పీకెయ్యి, కుళ్లు మిగతావాటికి అంటుకుంటుంది" అంది. పీకలేదు. చోటు మారినా, నీళ్ల లక్షణాలు మారినా క్రిప్ట్‌లు ఇలా ఆకులు వదిలేస్తాయి. నర్సరీల్లో చాలావరకు నీటి బయట పెంచుతారు, ఆ గాలి ఆకులు నీళ్లలో పనికిరావు. కుళ్లిన ఆకు మాత్రమే కాడ మొదలు దగ్గర కత్తిరించి తీసేశాను, వేళ్లు కదిలించలేదు. చూస్తుండగానే నడుమ నుంచి చుట్టచుట్టుకున్న గోధుమరంగు మొలక ఒకటి, అగ్గిపుల్ల తల కన్నా కొంచెం పెద్దది, పైకొచ్చింది. విచ్చుకున్నాక చూస్తే ఆకు సన్నగా, అంచు అలలు అలలుగా ఉంది. పాత ఆకుకీ దీనికీ పోలిక లేదు. ఇది ఈ నీళ్లలో పుట్టిన ఆకు. ఇక అది పోదు. కొత్తగా పెంచేవాళ్లు ఎంతోమంది క్రిప్ట్ చచ్చిపోయిందని సరిగ్గా ఈ దశలోనే పారేస్తుంటారు. దయచేసి పారెయ్యకండి, వేరు గట్టిగా ఉన్నంతకాలం ఆగండి.

గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు పొడి పట్టింది. అది డయాటమ్‌ల పాచి, కొత్త తొట్టికి మామూలే. పాత ఏటీఎం కార్డుతో గాజు గీకాను. లైటు ఏడు గంటల నుంచి ఆరుకి తగ్గించాను. మందులేవీ వెయ్యలేదు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చడమే.


ఉగాది

అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10. కొన్నాళ్లు వరసగా ఇలాగే వచ్చాకే కొట్టుకి వెళ్లాను.

కొట్టు అబ్బాయి ముందు నియాన్ టెట్రాలు చూపించాడు. ఆ నీలం గీత చూస్తే ఎవరికైనా మనసవుతుంది. కానీ వాటికి 26 దాటని నీళ్లు హాయి. మే నెలలో మా ఇంట్లో అది కుదరదు. వాటి బదులు హనీ గౌరామి జంట ఒకటి తీసుకున్నాను. ఇది గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతపు చేప. గౌరామిల తలలో మొప్పలు కాకుండా మరో శ్వాస అవయవం ఉంటుంది, పైకొచ్చి నేరుగా గాలి మింగి బతకగలవు. నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే ఊళ్లకి ఇవి తగిన చేపలు. వాటితో పాటు గప్పీలు, మగవి మాత్రమే. ఆడవి కూడా ఉంటే నెలనెలా పిల్లలే, 55 లీటర్లు ఎక్కడ సరిపోతాయి?

కవరుని తొట్టిలో పావుగంట తేలనిచ్చి, తర్వాత తొట్టి నీళ్లు కొంచెం కొంచెం కవరులో పోసి, చివరికి చేపల్ని మాత్రమే వలతో తీసి వదిలాను. కొట్టు నీళ్లు తొట్టిలో పొయ్యలేదు. మొదటి రోజు మేత లేదు. తర్వాత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత.

వాలిస్‌నేరియా ఇసుక కింద తీగలు పాకి కొత్త పిలకలు వేస్తోంది. హైగ్రోఫిలా కొత్త ఆకులు చిన్నవై, పాత ఆకుల్లో సూదిపోటంత చిల్లులు కనిపించాయి. చిల్లులంటే సాధారణంగా పొటాషియం తక్కువని అర్థం. అన్నయ్యకి ఫోన్ చేసి 13-0-45 కాస్త పంపమన్నాను.

"అది పూత మీద పిచికారీ చేసే మందు కదమ్మా, చేపల తొట్టిలో పోస్తావా?" అన్నాడు.

"పొటాషియం నైట్రేటే కదన్నయ్యా, గ్రాముల లెక్కన పోస్తాను."

గుంటూరు జిల్లాలో ఏ ఎరువుల కొట్టుకెళ్లినా దొరికే సరుకిది. అక్వేరియం ఎరువని సీసాల్లో అమ్మేదాంట్లోనూ ఎక్కువగా ఉండేవి ఇలాంటి లవణాలే. ఒక గ్రాము 55 లీటర్లలో కరిగితే నైట్రేట్ 11 పీపీఎం, పొటాషియం 7 పీపీఎం పెరుగుతాయి. వారానికి ఒక గ్రాము, నగల తూకం లాంటి చిన్న డిజిటల్ కాటా మీద తూచి, గ్లాసు నీళ్లలో కరిగించి పోస్తున్నాను. సూక్ష్మపోషకాల పొడి మాత్రం పొలం సరుకు వాడను, అందులో రాగి ఉంటుంది, నీళ్లలోని ప్రాణులకి అది చెరుపు.


చైత్రం, వైశాఖం

బయట 40 దాటుతోంది. తొట్టిలో మధ్యాహ్నం 32. చేసినవి రాస్తాను.

ముందు గాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ ఇమడదు. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాములు ఇమిడితే, 30కి 7.6, 33కి 7.2. అవి పట్టగలిగే గరిష్ఠాలే, నిజంగా ఉండేది ఇంకా తక్కువ. రాత్రి లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకోవడమే గానీ ఇవ్వవు. అందుకని తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. నాలుగున్నరకి లేచి టార్చి వేసి చూశాను. గప్పీలు నీళ్ల మధ్యలోనే నిదానంగా ఉన్నాయి, పైకొచ్చి నోళ్లు తెరవడం లేదు. అయినా స్పాంజి ఫిల్టర్‌తో పాటు సన్నటి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి రాత్రంతా నడుపుతున్నాను. ఎయిర్ పంపు ఇన్వర్టర్ లైను మీద ఉంది, కరెంటు పోయినా ఆగదు.

తర్వాత ఫ్యాన్. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్ తొట్టి అంచుకి బిగించి, నీటి మీదుగా ఏటవాలుగా ఊదేలా పెట్టాను. మూత తీసేసి దోమల జాలీ పరిచాను. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి లాక్కునే వేడి, 55 లీటర్లని పది డిగ్రీలు చల్లార్చగలిగేంత. గది వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి చివరికి దక్కేది రెండు మూడు డిగ్రీలు. ఆ రెండు మూడే చాలు: 32 ఉన్నది 29 దగ్గర నిలిచింది.

ఇందులో ఒక విశేషం గమనించాను. పడమటి గాలి కొట్టి ఒళ్లు మాడే రోజున ఫ్యాన్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గాలి పొడిగా ఉంటుంది. సముద్రపు తేమ వచ్చి ఉక్కపోసే రోజున, ఎండ తక్కువైనా తొట్టి ఒక డిగ్రీ మించి దిగదు. అలాంటి రోజు కోసం ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు గడ్డ కట్టించి పెట్టాను. ఒక్కొక్కటి మూత బిగించి తేలనిస్తాను, ఒకేసారి రెండు వెయ్యను. వేడి ఒక్కసారిగా దిగినా చేపకి దెబ్బే.

రోజూ లీటరు పైన ఆవిరైపోతోంది. ఆ లోటుకి కుళాయి నీళ్లు పొయ్యకూడదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి, పైన మళ్లీ లవణాలున్న నీళ్లు పోస్తూ పోతే టీడీఎస్ పెరుగుతూ పోతుంది. లోటుకి ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లు, వారం వారం మార్చేటప్పుడు మాత్రం కుళాయి నీళ్లు. ఇలా చేస్తే టీడీఎస్ 370 దగ్గరే ఉంటోంది.

నీటి మీద నీడకి అంతరతామర నాలుగు వేశాను. ఆకులు గాల్లో ఉంటాయి కాబట్టి కార్బన్‌కి కొరత లేదు, నైట్రేట్‌ని గబగబా తాగేస్తుంది. మూడో వంతు మించి పాకనివ్వడం లేదు. నీటి పైభాగం తెరిచి ఉంటేనే ఫ్యాన్ ఆవిరి చెయ్యగలదు.

సాయంత్రం లైటు వెలిగిన రెండు గంటలకి హైడ్రిల్లా తెగిన కాడ నుంచి దారంలాగా బుడగలు లేస్తున్నాయి. ఆక్సిజన్. స్కూల్లో గరాటు బోర్లించి చూపించిన ప్రయోగం ఇదే. పక్కింటి పిల్లలు రోజూ వచ్చి నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెడుతున్నారు.


రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలు. పగలు తొట్టిలో 30 దాటలేదు, ఉక్కపోత రోజున 31. చేపలన్నీ ఉన్నాయి. మగ హనీ గౌరామి గొంతు కింద నలుపు తిరిగి, అంతరతామర వేళ్ల మధ్య నురుగు గూడు కట్టింది. అందుకని ఆ మూలకి ఎయిర్ స్టోన్ బుడగలు తగలకుండా జరిపాను. క్రిప్ట్‌లు గుబురయ్యాయి. అనూబియాస్ రెండు ఆకులు మాత్రమే కొత్తవి వేసింది, దాని నడక అంతే. బ్రాహ్మి మాత్రం ఈ వేడిలో కాడలు సాగి పలచబడింది, వానలొచ్చాక కత్తిరించి మళ్లీ నాటుతాను. వెనక గాజు మీద పచ్చటి పాచి ఉంది, అది తియ్యడం లేదు, గప్పీలు రోజంతా దాన్నే గీక్కుంటున్నాయి.

వాలిస్‌నేరియా పిలకలు ఎక్కువయ్యాయి. పక్కింటివాళ్లు ఒక చిన్న తొట్టి మొదలుపెడతామంటే తడి గుడ్డలో చుట్టి ఇచ్చాను. ఆ ఇంటి పిల్లవాడు "ఆంటీ, చేపలు ఎప్పుడు వెయ్యొచ్చు?" అని అడిగాడు. నా టెస్ట్ కిట్ వాడి చేతికిచ్చి, రెండు గొట్టాలూ సున్నా చూపించిన వారం తర్వాత అన్నాను.

ఇక వచ్చేది వరదల కాలం. ఎగువ నుంచి కొత్త నీరు వస్తే నది ఎర్రగా మారుతుంది, శుద్ధి చేసేచోట క్లోరిన్ పెంచాల్సి వస్తుంది. అప్పటికి 100 లీటర్ల మూత ఉన్న డ్రమ్ము ఒకటి కొని, మంచి రోజుల్లోనే నింపి పెట్టుకోవాలి. వన్‌టౌన్‌లో ధరలు కనుక్కున్నాను, ఆదివారం వెళ్లి తెస్తాను.